సొంతంగా నేర్చిన కొరియన్‌కు రాతపరీక్ష

కొరియన్ మాతృభాష కానివారి ప్రావీణ్యాన్ని కొలవడానికి దక్షిణ కొరియాలో 1997లో మొదలై, ప్రస్తుతం ఆ దేశ విద్యామంత్రిత్వ శాఖ కింద పనిచేసే జాతీయ అంతర్జాతీయ విద్యా సంస్థ నిర్వహిస్తున్న పరీక్షను టోపిక్ అంటారు. 2014లో జరిగిన మార్పుల తరువాత ఇది రెండు అంచెలుగా నడుస్తున్నది. మొదటి అంచెలో 1, 2 స్థాయిలు, రెండో అంచెలో 3 నుంచి 6 వరకు స్థాయిలు ఉంటాయి. రెండో అంచెను కాగితం మీద రాసేవారందరికీ ప్రశ్నపత్రం ఒక్కటే. వినికిడి, రచన, పఠనం అనే మూడు విభాగాలకు నూరేసి చొప్పున మొత్తం 300 మార్కులుండగా, 120 వచ్చినవారికి మూడో స్థాయి, 150 వచ్చినవారికి నాలుగు, 190 వచ్చినవారికి ఐదు, 230 వచ్చినవారికి ఆరో స్థాయి ఇస్తారు. ఆరో స్థాయి చేరినవారు పుట్టు కొరియన్లంతటి వారు కాకపోయినా, తలపెట్టిన పని జరుపుకోవడానికీ, అనుకున్నది చెప్పడానికీ ఇబ్బందిపడరన్నది నిర్వాహకులు ఇచ్చే వివరణ.

ఈ వ్యాసకర్త స్వస్థలం శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి. దేజన్ నగరంలో ఉద్యోగం చేసుకుంటూ, ఏ తరగతిలోనూ చేరకుండా ఏళ్ల తరబడి చదువుకొని రెండో అంచె పరీక్షకు కూర్చోవడంలో గమనించిన విషయాలే ఇక్కడి చర్చకు ఆధారం. అయినా ఇక్కడి ఉద్దేశం స్వీయచరిత్ర చెప్పుకోవడం కాదు; తెలుగు మాట్లాడుతూ పెరిగి, బడిలో తెలుగు వ్యాకరణం చదివినవారికి ఈ పరీక్షలో ఏది కలిసివస్తుంది, ఏది ఎదురు తిరుగుతుంది, ఎందుకలా జరుగుతుంది అన్నది వివరించడం.

శ్రీకాకుళం జిల్లాకు వలస కొత్త కాదు. తీర గ్రామాల మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వేటకు పోతారు. మెట్ట ఊళ్ల యువకులు గల్ఫ్ దేశాల నిర్మాణ పనులకు పోతారు. కొరియాకు మాత్రం ఆ దారి లేదు. విదేశీ కార్మికులను తీసుకొనేందుకు కొరియా 2004లో ప్రవేశపెట్టిన ఉద్యోగ అనుమతి విధానంలో నేపాల్, శ్రీలంక, బంగ్లాదేశ్, పాకిస్థాన్ వంటి దేశాలున్నాయి గాని భారతదేశం లేదు. ఆ విధానానికి సంబంధించిన ఇ.పి.ఎస్.-టోపిక్ అనే పరీక్ష పేరులో పోలిక ఉన్నా పూర్తిగా వేరు. ఈ రెంటి మధ్య తేడా తెలియనివారికి కార్ఖానా కొలువు ఆశ చూపి డబ్బు గుంజే దళారులు ఎక్కడైనా ఉంటారు కనుక, విషయాన్ని విడమరచి చెప్పక తప్పదు. తెలుగువారు కొరియా చేరేది ఎక్కువగా పరిశోధన, ఉన్నత విద్య, ఎలక్ట్రానిక్స్, సాఫ్ట్‌వేర్ దారుల్లోనే. దేజన్‌లోని విజ్ఞాన సంస్థల్లోను, శాంసంగ్ ఎలక్ట్రానిక్స్ ప్రధాన కార్యాలయమున్న సువన్‌లోను తెలుగు మాట చెవిన పడటం అరుదు కాదు.

ప్రయోగశాలలో ఇంగ్లీషుతో పని గడిచిపోతుంది. అందువల్లనే కొరియాలో ఏళ్లు గడిపి కూడా భాష జోలికి పోనివారు కనిపిస్తారు. కాని గేటు దాటి బయటికి వచ్చిన మరుక్షణం నుంచి వ్యవహారమంతా కొరియన్‌లోనే నడుస్తుంది. అందులోనూ కీలకమైనదంతా కాగితం మీదే ఉంటుంది. కొరియాలో జొన్సే అనే అద్దె పద్ధతి ఒకటి ఉంది. నెలనెలా అద్దె కట్టకుండా పెద్ద మొత్తాన్ని ఒకేసారి ఇంటి యజమాని వద్ద ఉంచి, గడువు తీరాక దానిని తిరిగి తీసుకోవడం ఆ పద్ధతి. జీవితకాలపు పొదుపంతా ముడిపడి ఉండే అటువంటి ఒప్పందాన్ని, శస్త్రచికిత్సకు ముందు ఆసుపత్రివారు సంతకం కోరే అంగీకార పత్రాన్ని, పిల్లల బడి నుంచి వచ్చే సూచనలను స్వయంగా చదివి అర్థం చేసుకోగలగడం పరదేశంలో బతికే మనిషి గౌరవానికి సంబంధించిన విషయం. పై స్థాయి పరీక్షను విలువైనదిగా చేసేది ముందుగా ఇదే. ప్రభుత్వం విదేశీ విద్యార్థులకిచ్చే గ్లోబల్ కొరియా ఉపకారవేతనంలో ఐదో స్థాయి లేక ఆపైన ఉన్నవారికి ఏడాది భాషాశిక్షణ నుంచి మినహాయింపు దొరకడం, దీర్ఘకాల నివాస అనుమతికి లెక్కించే పాయింట్లలో ఈ పత్రానికి చోటుండటం ఆ తరువాతి ప్రయోజనాలు.

సొంతంగా భాష నేర్చుకోవడం అనగానే కోటబొమ్మాళి ప్రాంతంవారికి గుర్తుకు రావలసిన పేరు గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారిది. శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన ఆయన, ఆ చుట్టుపట్ల కొండల్లోని సవరల భాషను నేర్చుకొనదలచినప్పుడు దానికి లిపి లేదు, వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. తెలుగు, సవర రెండూ వచ్చిన వ్యక్తిని ఇంట్లోనే ఉంచుకొని, మాటమాటా విని, రాసుకొని, సరిచూసుకొని నేర్చుకున్నారు. 1931లో వెలువడిన సవర భాషా వ్యాకరణం, 1938 నాటి సవర–ఇంగ్లీషు నిఘంటువు ఆ పరిశ్రమ ఫలితాలు. ఆయన పద్ధతిలో ఈనాటి అభ్యాసకులు గమనించవలసినది ఒకటుంది. ఆయనది స్వయంకృషే గాని ఏకాంతకృషి కాదు. తప్పు చెబితే దిద్దే మనిషి ఎప్పుడూ ఎదురుగా ఉండేవాడు.

తెలుగువారు కొరియన్ చదువుకు వట్టిచేతులతో రారు. కర్త, కర్మ, క్రియ అనే వాక్యక్రమం రెండు భాషలకూ ఒక్కటే. విభక్తి ప్రత్యయాలు నామవాచకం వెనుకనే చేరుతాయి. నిన్న చదివిన పుస్తకం అనే పదబంధాన్ని మాట వెంట మాట మార్చకుండా కొరియన్‌లో పెట్టవచ్చు. తిని చూడు, వేసి చూడు అన్నట్లే కొరియన్లు కూడా ప్రయత్నాన్ని సూచించడానికి చూచు క్రియనే సహాయంగా తెచ్చుకుంటారు. క్త్వార్థకాలతో వాక్యాన్ని సాగదీసి చివరి సమాపక క్రియతో ముగించే అలవాటు ఉన్నవారికి, ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలు వింతగా వర్ణించే కొరియన్ వాక్యనిర్మాణం సొంత ఊరి మాటలాగే తోస్తుంది. వచ్చాడు, వచ్చారు అన్న భేదం పుట్టుకతో తెలిసినవారికి కొరియన్ గౌరవరూపాల అవసరాన్ని ఎవరూ నచ్చజెప్పనక్కరలేదు. ఈ పోలికలను చూసే అమెరికన్ మిషనరీ హోమర్ హల్బర్ట్ 1905లో కొరియన్, ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణాన్ని ప్రకటించి, ఈ భాషలకు చుట్టరికం ఉందని వాదించాడు. ఆ వాదాన్ని నేటి భాషాశాస్త్రజ్ఞులు అంగీకరించరు. సముద్రాలకు అటూ ఇటూ ఉన్న భాషల్లో ఒకే రకం నిర్మాణం విడివిడిగా ఏర్పడవచ్చు. చుట్టరికం లేకపోయినా ప్రయోజనం మాత్రం ఉంది. ఇంగ్లీషు ద్వారా కొరియన్ నేర్చుకొనే తెలుగువారు ఆ ప్రయోజనాన్ని చేజేతులా వదులుకుంటున్నారని చెప్పవలసి ఉంటుంది.

లిపి విషయంలోనూ అంతే. సెజోంగ్ రాజు 1443లో రూపొందించి 1446లో ప్రకటించిన హంగుల్ లిపిలో హల్లు, అచ్చు కలిసి ఒక చదరంలో ఒదుగుతాయి. గుణింతం దిద్దినవారికి ఇది ఒకటి రెండు రోజుల పని. ఆ చదరం అడుగున చేరే హల్లును బాచిమ్ అంటారు. చూపుకు అది మన ఒత్తులా ఉన్నా, ఒత్తు అచ్చుకు ముందు పలుకుతుంది, బాచిమ్ అచ్చు తరువాత పలుకుతుంది. తెలుగు అజంత భాష కావడంతో, మాట చివర శబ్దం విడవకుండా ఆపే ఈ హల్లులు మన చెవికి తేలికగా అందవు. మరొక చిక్కు స్పర్శాల్లో ఉంది. క, గ భేదాన్ని మన చెవి పట్టుకుంటుంది గాని కొరియన్‌లో దానివల్ల అర్థం మారదు. అక్కడ అర్థాన్ని మార్చేది మామూలుగా పలకడం, ఊది పలకడం, బిగించి పలకడం అనే మూడు తీరుల భేదం. అప్ప, పక్క వంటి ద్విత్వాలు పలికే నాలుకకు ఆ బిగింపు మాట నడుమ సులువుగానే పలుకుతుంది. మాట మొదట్లో వచ్చినప్పుడే సాధన కావాలి. సంధులు మాత్రం మనకు వరమే. వాక్, మయము కలిసి వాఙ్మయము అయ్యే అనునాసిక సంధిని బడిలో చదివినవారికి, హంగుక్, మల్ అని రాసి హంగుఙ్మల్ అని చదవడంలో వింత ఏమీ కనబడదు.

ఇన్ని అనుకూలతలు నాలుగో స్థాయి దాకా తోడు వస్తాయి. ఐదు, ఆరు స్థాయిల్లో పరిస్థితి మారుతుంది. వినికిడి, రచన కలిపి ఒకే విడతలో 110 నిమిషాలు సాగుతాయి. తరువాత విరామమిచ్చి 70 నిమిషాల పఠనం ఉంటుంది. వినికిడిలో 50 ప్రశ్నలకు 60 నిమిషాలు. మొదటి 20 ప్రశ్నల సంభాషణలు ఒక్కసారే వినిపిస్తారు, ఆపైన ఒక్కొక్కటి రెండేసిసార్లు వినిపిస్తారు. ధారావాహికలు చూసి చెవి పదును పెట్టుకున్నవారికి మొదటి సగం ఆటలా ఉంటుంది. చివరికొచ్చేసరికి ఆర్థికం, చట్టం, జీవశాస్త్రం మీద ప్రసంగాలు, చర్చలు వస్తాయి. అక్కడ వాడే పదజాలం అధికభాగం చీనీ మూలంగలది. తెలుగులో వార్తలకూ శాస్త్రగ్రంథాలకూ సంస్కృత పదాలు ఎంత అవసరమో కొరియన్‌లో ఇవి అంత అవసరం. తత్సమాన్ని ధాతువుగా, ఉపసర్గగా విడదీసి అర్థం ఊహించడం తెలిసినవారు, ఈ పదాలను కూడా విడి అక్షరాలుగా విడదీసి గుంపులు గుంపులుగా నేర్చుకోవచ్చు. పఠనం 50 ప్రశ్నలకు దక్కేది ఒక్కోదానికి ఒకటిన్నర నిమిషం కన్నా తక్కువే. దీనికి దినపత్రికల సంపాదకీయాలను రోజూ చదవడాన్ని మించిన సాధన లేదు.

అసలు పరీక్ష రచనలో ఉంది. 50 నిమిషాల్లో నాలుగు ప్రశ్నలు. మొదటి రెండూ ఖాళీల్లో వాక్యాలు నింపేవి, ఒక్కోటి 10 మార్కులు. మూడోది గణాంకాల పటాన్ని 200 నుంచి 300 అక్షరాల్లో వివరించేది, 30 మార్కులు. నాలుగోది ఒక సామాజిక అంశం మీద 600 నుంచి 700 అక్షరాల వ్యాసం, 50 మార్కులు. అందులో భాషా వినియోగానికే 26 మార్కులు. జవాబు రాయవలసినది వొన్‌గోజి అనే గళ్ల కాగితపు పద్ధతిలో, గడికి ఒక అక్షరం చొప్పున, మాటల మధ్య ఖాళీకి ఒక గడి వదులుతూ. ఎన్ని అక్షరాలు రాశారో వేరే లెక్కించనక్కరలేదు; గళ్లే చెబుతాయి.

ఈ వ్యాసాన్ని ఎదుటివారితో మాట్లాడే మర్యాద రూపంలో రాయకూడదు. కొరియన్‌లో వాక్యం చివరి క్రియారూపాన్ని బట్టి మాట తరగతి ఏర్పడుతుంది. అంగడిలో, ఆఫీసులో వినబడే మర్యాద తరగతి వేరు, పత్రికలూ గ్రంథాలూ వాడే హందాచే అనే తరగతి వేరు. తేడా క్రియతో ఆగదు. తోడు అనే అర్థమిచ్చే తృతీయా ప్రత్యయానికి మాటల్లో హాగో, రాంగ్ అనే రూపాలు విరివిగా వినబడతాయి. వ్యాసంలో వా, గ్వా రూపాలు రావాలి. సముచ్చయాలు, క్రియావిశేషణాలు కూడా ఇలాగే జంటలు జంటలుగా ఉంటాయి. సొంతంగా నేర్చినవారి భాష సినిమాలనుంచి, సహోద్యోగులనుంచి వచ్చినది కనుక, వారి వ్యాసంలో నోటిమాట చొరబడుతూనే ఉంటుంది. వ్యాకరణం ఎక్కడా తప్పకపోయినా మార్కులు తెగిపోయేది ఇందుకే. నోటి భాషకూ రాత భాషకూ మధ్య అగాధం పిల్లల చదువును ఎలా కుంగదీస్తుందో చూసి, వ్యావహారికం కోసం జీవితమంతా పోరాడినవారు రామమూర్తి పంతులుగారే. ఆ పోరాటం ఫలించిన తెలుగులో నేటి పాఠకుడు పత్రిక చదివే భాష, మాట్లాడే భాష చాలావరకు దగ్గరపడ్డాయి. కొరియన్‌లో ఆ రెండూ ఇంకా ఎడంగానే ఉన్నాయి. ఆ ఎడాన్ని పుస్తకం చూపగలదు గాని ఫలానా వాక్యంలో తప్పింది అని వేలుపెట్టి చూపలేదు.

వినికిడికీ పఠనానికీ జవాబుల పట్టిక ఉంటుంది, పాత ప్రశ్నపత్రాలు దొరుకుతాయి, ఎవరి తప్పులు వారే దిద్దుకోవచ్చు. వ్యాసానికి ఆ వీలు లేదు. కొరియా జాతీయ భాషాసంస్థ విదేశీయుల కోసం రూపొందించిన ప్రాథమిక నిఘంటువులో మంగోలియన్, వియత్నామీస్, థాయ్ వంటి భాషల్లో అర్థాలున్నాయి, తెలుగు లేదు. హైదరాబాద్‌లోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో కొరియన్ బోధన ఉన్నా, కోటబొమ్మాళిలోనో టెక్కలిలోనో కూర్చుని చదివే డిగ్రీ విద్యార్థికి అది అందుబాటులో లేనట్టే. పెనుకొండ దగ్గర 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలైన తరువాత కొరియన్ వచ్చినవారి అవసరం మన రాష్ట్రంలోనే ఏర్పడింది. 2020 జాతీయ విద్యావిధానం ఉన్నత పాఠశాల స్థాయిలో నేర్పదగిన విదేశీ భాషల్లో కొరియన్‌ను చేర్చింది కూడా. నేర్చుకొనే పిల్లలకు కొదవ లేదు. వారు రాసినది చదివి దిద్దేవారే కరువు.

కనుక కొరియాలో ఐదు, ఆరు స్థాయిలు సాధించిన తెలుగువారికి ఒక విన్నపం. సొంత జిల్లాలో కొరియన్ చదువుతున్న ఒక విద్యార్థిని ఎంచుకొని, వారానికొక వ్యాసం రాయించి, అందులోని నోటిమాటలను ఎర్రసిరాతో గుర్తుపెట్టి, వాటి పక్కన రాత రూపాలు రాసి తిరిగి పంపండి. పరీక్ష ఫలితం రెండేళ్లే చెల్లుతుంది. దిద్దుబాటు ఈ ఏడాదే మొదలు కావాలి.