ట్రినిడాడ్ దారిలో ఇత్తడి

డెన్వర్ నుంచి ఐ-25 మీద దక్షిణంగా వెళితే, ప్యూబ్లో ఉక్కు మిల్లు దాటాక ఊళ్లు పలచబడతాయి. వాల్సెన్‌బర్గ్ దగ్గర కుడివైపు స్పానిష్ పీక్స్ జంట శిఖరాలు చాలాసేపు వెంట వస్తాయి. దాదాపు 320 కిలోమీటర్లు వచ్చాక, న్యూ మెక్సికో సరిహద్దుకు కాస్త ఇవతల ట్రినిడాడ్. బొగ్గు గనులతో బతికిన ఊరు. పాత బజారు వీధుల్లో పరిచిన ఇటుకల మీద ఊరి పేరు చదువుకుంటూ నడవొచ్చు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత పి. ఓ. ఆక్లీ అనే తుపాకుల మేస్త్రీ ఇక్కడ పనిచేసి, ఊరి కాలేజీలో ఆ విద్య నేర్పాడు. నేను ఇంత దూరం వచ్చింది ఆయన ఇత్తడితో చేసిన పని కోసం.

ఏ కంపెనీ అమ్మని, వేటగాళ్లూ మేస్త్రీలూ సొంతంగా రూపొందించుకున్న తూటాను అమెరికాలో వైల్డ్‌క్యాట్ అంటారు. దాని ఇత్తడి కేసు బజారులో దొరకదు. మామూలు తూటాను కొత్త కొలతలకు తొలిచిన చాంబర్‌లో పెట్టి పేలిస్తే, ఆ ఒత్తిడికి ఇత్తడి ఉబ్బి ఉక్కు గోడలకు అంటుకుని, ఆ ఆకారంలోనే బయటికొస్తుంది. ఇదే ఫైర్‌ఫార్మింగ్. ఆక్లీ పద్ధతిలో కేసు ఒంటి వాలు దాదాపు పోయి, ఒంటి నుంచి మెడకు సన్నబడే భుజం 40 డిగ్రీలకు నిటారవుతుంది. లోపల మందుకు కొంచెం ఎక్కువ చోటు దొరుకుతుంది. ఆ ఎక్కువ చోటు ఇచ్చే వేగం గురించే అందరూ మాట్లాడతారు. ఈ పనికి అసలు విలువ అది కాదని నా వాదన. మేస్త్రీ కొలత సరిగా ఉందో లేదో ఈ ఒక్క పేలుడులో ఇత్తడి చెప్పేస్తుంది.

ఎలాగంటే, పేలే క్షణంలో కేసు ముందుకూ వెనక్కూ జరగకూడదు. ఆక్లీ చాంబర్‌లో మెడా భుజమూ కలిసే చోట కేసు బిగుతుగా ఆనుతుంది; బోల్టు మూస్తుంటే చేతికి ఆ బిగువు కొద్దిగా తెలియాలి. అక్కడ సందు మిగిలితే కేసు అడుగుకు కాస్త పైన సాగి పలచబడుతుంది. బయట మెరిసే వలయం కనిపించినా కనిపించకపోయినా, కొన వంచిన సన్నటి తీగను లోపలికి దించి గోడ వెంట లాగితే గాడి తగులుతుంది. అలాంటి కేసును పారేయాల్సిందే. మళ్లీ నింపితే రెండుగా తెగవచ్చు. ఇత్తడి తనలో దాచుకునే ఒత్తిడి ఎంత మొండిదో బ్రిటిష్ వాళ్లకు మన దేశంలోనే తెలిసొచ్చింది. వర్షాకాలంలో గుర్రపుశాలల దగ్గర నిల్వ ఉంచిన తూటాలు వాటంతటవే పగిలాయి. తయారీలో మిగిలిపోయిన ఒత్తిడికి శాలల అమ్మోనియా తోడవడమే కారణమని 1921 నాటికి తేలింది. అందుకే ఆకారం బాగా మార్చే ముందు మెడను కాచి మెత్తబరుస్తారు.

ఇంత శ్రమకు దక్కే అదనపు వేగం స్వల్పమనీ, కేసు తయారీకే బ్యారెల్ అరుగుతుందనీ అభ్యంతరం. వేగం మాట నిజమే. .30-06 లాంటి పెద్ద కేసును మెరుగుపరిస్తే ఒరిగేది కొద్దే. అరుగుదల మాత్రం అంత బలమైన వాదన కాదు: ఆక్లీ తరహా చాంబర్‌లో కంపెనీ తూటానే నేరుగా పేల్చవచ్చు, ఆ గుండు వేటకూ సాధనకూ పనికొస్తుంది. పైగా నిటారు భుజం వల్ల ఇత్తడి మెడ వైపు తక్కువగా సాగి, కేసును మాటిమాటికీ కత్తిరించే పని తగ్గుతుంది. కంపెనీలే అన్నీ అమ్ముతుంటే ఇదెందుకనే వాళ్లు ఆ తూటాల పుట్టుక చూడాలి. 1965లో .22-250నీ, 1969లో .25-06నీ రెమింగ్టన్ తన పేరుతో అమ్మకానికి తెచ్చేటప్పటికే, ఆ రెండూ మేస్త్రీల చాంబర్లలో దశాబ్దాలుగా పేలుతున్నాయి.