రొయ్య అను పిల్లి

సౌదీ అరేబియా దేశపు తూర్పుతీరమున దమ్మాము అను పట్టణము కలదు. దాని సమీపముననే 1938వ సంవత్సరము మార్చి నెలలో ఏడవ బావినుండి మొదటిసారి విస్తారముగా చమురు వెలువడెను. నాటినుండి ఆ యెడారిసీమ దూరదేశముల పనివారిని పిలుచుచునే యున్నది. తెలుగుసీమనుండి పోయినవారిలో అధికులు ఒంటరిగా పోయినవారే. భార్యాబిడ్డలను రప్పించుకొనుటకు అక్కడివారు జీతమును, అనుమతిచీటిలో వ్రాయబడిన ఉద్యోగపు పేరును చూతురు. ఆ రెండును కుదిరినవారికే కుటుంబముతో కలిసియుండు భాగ్యము. తక్కినవారు కంపెనీ బసలలో ఒక్కొక్క గదిలో పలువురు పండుకొని, నెలనెలకు ఇంటికి డబ్బు పంపుచు కాలము గడపుదురు.

కోనసీమనుండి పోయిన ఒక మెకానిక్కు ఇట్లే ఎనిమిది సంవత్సరములు ఒంటరిగా పనిచేసెను. ఫోర్‌మన్ పని దొరకిన పిమ్మట 2012వ సంవత్సరమున భార్యను, ఇద్దరు బిడ్డలను దమ్మామునకు రప్పించుకొనెను. అప్పటికి కూతురికి ఏడేండ్లు, కుమారునికి నాలుగేండ్లు. సెలవులలో వచ్చి నెలదినములుండి పోవు తండ్రినే వారెఱుగుదురు. చిన్నవాడు మొదటి వారమంతయు తండ్రిని ‘అంకుల్’ అని పిలిచెను. తల్లి గద్దించెను గాని తండ్రి, “పోనిమ్ము, వానిది తప్పు కాదు” అనెను.

ఆ యెనిమిదేండ్లలో బిడ్డల పుట్టినరోజులలో ఒక్కదానినైనను అతడు కన్నులార చూడలేదు. కాబట్టి ఆ సంవత్సరము నవంబరులో కుమారునికి అయిదేండ్లు నిండిన దినమును తప్పక జరుపవలెనని తల్లి నిశ్చయించెను. పుట్టినరోజు పండుగ ఆ దేశపు పెద్దల ఆచారము కాదు. 2008వ సంవత్సరమున ఒక పండితుడు అట్టి వేడుక చేసికొనుటలో దోషము లేదని చెప్పగా, ఆ దేశపు ముఖ్య మతాధికారి అది ముస్లిముల ఆచారము కాదని ఖండించెను. ఆ సంవత్సరమే రియాదు నగరమున కుక్కలను పిల్లులను అమ్మకూడదని మతాచార రక్షకులు ఉత్తరువు చేసిరి. అయినను పరదేశపు కుటుంబములు తలుపులు మూసికొని, సద్దుచేయక, తమ బిడ్డల వేడుకలు తాము జరుపుకొనుచుండిరి. శుక్రవారము సెలవుదినము గనుక గురువారము రాత్రియే అందఱికిని అనుకూలము.

ఆ గురువారము రాత్రి మూడవ అంతస్తులోని ఆ రెండు గదుల యింటిలో నాలుగు కుటుంబములు కూడిరి. తల్లి రొయ్యల కూర, పులిహోర, సున్నుండలు చేసెను. బిడ్డలు కేకు కోసి తినిరి. అందఱును వెడలిన తరువాత తండ్రియు కూతురును చెత్త పారవేయుటకు క్రిందికి దిగిరి. చెత్తతొట్టె ప్రక్కను ఇసుకవన్నె గల ఒక పిల్లికూన వణకుచు కూర్చుండి యుండెను. ఆ దేశపు వీధిపిల్లులు సన్నని దేహమును, పొడుగు కాళ్ళును, పెద్ద చెవులును గలవై, ఎండకు ఓర్చుకొను జాతికి చెందినవి. ఆ కూన సంచిలోని రొయ్యతలలను ముక్కుతో లాగి తినసాగెను.

“నాన్నా, దీని మీసములు చూడండి, ఎంత పెద్దవో!” అని కూతురనెను.

“రొయ్యకు లేదా బారెడు మీసము?” అని తండ్రి నవ్వెను.

ఆ మాటయే పేరై నిలిచెను. రొయ్య ఆ రాత్రియే మూడవ అంతస్తునకు ఎక్కెను. ఒక్క రాత్రికే అని తండ్రి ఆజ్ఞ. ఆ ఒక్క రాత్రి ఆఱు సంవత్సరములకు పైగా సాగెను.

ఆ మేడకు కావలియుండు ముసలాయన బంగాళాదేశపువాడు. ఇంటివారు పిల్లిని తెచ్చికొన్నందుకు ఆయన కోపగించుకొనునేమోయని తల్లి భయపడెను. ఆయన నవ్వి, ప్రవక్తగారి అనుచరులలో ఒకనికి అబూ హురైరా, అనగా పిల్లికూన తండ్రి, అను పేరు కలదనియు, పిల్లి అపవిత్రము కాదనియు చెప్పెను. అది మొదలు ఆయనయు దాని కొఱకు చేపతలలు దాచుచుండెను.

ఎండకాలమున దమ్మాములో వేడి నలువదియైదు డిగ్రీలు దాటును. పిల్లలు వీధిలో ఆడుకొన వీలుండదు. 1982లో స్థాపింపబడిన భారతీయ పాఠశాలకు బస్సులో పోయివచ్చుట, తరువాత నాలుగు గోడలు, ఇంతే. అట్టి యింటిలో రొయ్యయే వారికి పెరడు, చెఱువుగట్టు, చుట్టపక్కము. తండ్రి మెట్లెక్కు చప్పుడు మొదట దానికే వినబడును. అది తలుపుకడకు పరుగెత్తును. దానివెంట చిన్నవాడు పరుగెత్తును. తండ్రి బూట్లు విప్పుచుండగా పిల్లి ఒక ప్రక్కను, కుమారుడు ఒక ప్రక్కను నిలిచి యుందురు. ‘అంకుల్’ అను మాట ఎప్పుడు మానెనో ఎవరికిని జ్ఞాపకము లేదు. ప్రతి నవంబరులోను కుమారునికి కేకు, రొయ్యకు ఒక పండుగప్ప తల. రెండు పుట్టినరోజులు ఒక్క దినముననే జరుగుచుండెను.

2017వ సంవత్సరము జులై నెలలో ఆ దేశపు ప్రభుత్వమువారు పరదేశపు పనివారి కుటుంబములపై క్రొత్త పన్ను విధించిరి. పనివానిపై ఆధారపడిన ఒక్కొక్కరికి మొదటి సంవత్సరము నెలకు 100 రియాలులు, తరువాత ఏటేట మఱియొక నూఱు పెరిగి, 2020వ సంవత్సరము జులైనాటికి నెలకు 400 రియాలులు. నాడు రియాలు సుమారు 17 రూపాయలు. భార్యకును ఇద్దరు బిడ్డలకును కలిపి మొదట నెలకు 300, తుదకు నెలకు 1,200, అనగా సంవత్సరమునకు 14,400 రియాలులు. ఈ సొమ్మును అనుమతిచీటి మార్చునప్పుడు ముందుగానే కట్టవలెను. జీతము మాత్రము పెరుగలేదు. తండ్రి రాత్రులు నోటుపుస్తకము ముందర పెట్టుకొని కూర్చుండెడివాడు. ఒక పంక్తిలో అద్దె, ఒక పంక్తిలో బడిజీతము, ఒక పంక్తిలో పన్ను. ఎట్లు కూడినను మిగులు లేదు. చుట్టుపట్ల ఇండ్లు ఒక్కొక్కటియే ఖాళీ కాసాగెను. 2019వ సంవత్సరము మార్చిలో పరీక్షలు ముగిసిన వెంటనే తల్లియు బిడ్డలును కోనసీమకు పోవలెననియు, తండ్రి మరల కంపెనీ బసకు మారవలెననియు నిశ్చయమయ్యెను.

బిడ్డలు అడిగిన మొదటి ప్రశ్న, “రొయ్య మాట ఏమి?”

తండ్రి విచారించెను. పిల్లిని ఇండియాకు తీసికొనిపోవుటకు పిచ్చికుక్కరోగపు టీకా, చర్మము క్రింద గుర్తుబిళ్ళ, పశువైద్యుని ఆరోగ్యపత్రిక, భారతప్రభుత్వపు పశువుల తనిఖీ శాఖవారి అనుమతి, వీటికితోడు విమానపు సరకుకూలి, ఇన్నియు కావలెను. ఆ మొత్తము తల్లి టిక్కెట్టును మించెను.

కూతురు, “ఈ సంవత్సరము నా పుట్టినరోజు చేయవద్దు నాన్నా, ఆ డబ్బు దీనికి పెట్టండి” అనెను. కుమారుడు తన డబ్బుల డబ్బా పగులగొట్టెను. అందులో ఎనుబదిమూడు రియాలులుండెను. తండ్రి ఆ నాణెములను లెక్కించి, మరల వాని చేతిలోనే పోసెను. పరిచయస్తుడొకడు, సముద్రపుటొడ్డున చేపలవారి యొద్ద విడిచిన అదే బ్రతుకునని సలహా చెప్పెను. అది విని చిన్నవాడు రెండు దినములు తండ్రితో మాటలాడలేదు.

మూడవనాడు తల్లి, “ఏమండీ, వాడేడ్చుచున్నది పిల్లికొఱకే అనుకొనుచున్నారా?” అని అడిగెను. తండ్రి జవాబు చెప్పలేదు. ఆ సాయంకాలము క్రిందికి దిగి కావలిముసలాయన గది తలుపు తట్టెను.

ఆయన సంగతి విని, “నాకును బిడ్డలున్నారు బాబూ, వారిని చూచి నాలుగేండ్లు దాటినది. దీనిని నా యొద్ద ఉండనిండు” అనెను. నెలకింతయని చేపల ఖర్చు ఇయ్యబోగా ఆయన పుచ్చుకొనలేదు. టీకాల చీటి మాత్రము తీసికొని గోడకు వ్రేలాడదీసెను. బయలుదేరిన రాత్రి రొయ్యను ఆయన గదిలో విడిచి కుటుంబము కారెక్కెను. కుమారుడు వెనుకకు చూడలేదు. కూతురు మలుపు తిరుగువఱకు చూచుచునే యుండెను.

ఇంటికి చేరిన తరువాత చిన్నవాడు తండ్రి ఫోను చేసినప్పుడెల్ల, “బాగున్నాను” అను ఒక్కమాట చెప్పి ఫోను తల్లికిచ్చుచుండెను. తండ్రియు నిర్బంధింపలేదు. కాని ప్రతి శుక్రవారము ఒక కవళ్ళపొట్లము కొనుక్కొని, బసనుండి బస్సులో పాత మేడకు పోయి, కావలివాని గుమ్మమున ఒక గంట కూర్చుండి వచ్చుచుండెను. ఇది ఇంటిలో ఎవరికిని చెప్పలేదు.

నవంబరు వచ్చెను. కుమారునికి పండ్రెండేండ్లు నిండెను. 2017వ సంవత్సరము సెప్టెంబరులో సౌదీ ప్రభుత్వమువారు ఇంటర్నెట్టుమీది ఫోనులపైనున్న నిషేధము ఎత్తివేసినందున, ముఖములు చూచుకొని మాటలాడు వీలు కలిగియుండెను. కోనసీమలో నాయనమ్మ పరమాన్నము వండి దీపము పెట్టెను. ఫోను మ్రోగెను. తెరమీద తండ్రి ముఖము గాక రెండు పెద్ద చెవులు కనబడెను. తండ్రి ముందుగానే కావలివాని గదికి పోయి యుండెను. బాలుడు, “రొయ్యా!” అని పిలిచెను. పిల్లి ఫోనును వాసన చూచి, కంఠము వచ్చిన చోటు వెదకుచు ఫోను వెనుకకు పోయెను. అక్కడ ఎవరును లేకుండుట చూచి మరల ముందునకు వచ్చెను. బాలుడు నవ్వెను. పిమ్మట కొంతసేపు ఊరకుండి, “నాన్నా, మీరు భోజనము చేసితిరా?” అని అడిగెను. ఎనిమిది నెలలలో వాడు తనంతట తాను తండ్రినడిగిన మొదటి ప్రశ్న అదియే.

తోటలలో నివసించు కుటుంబములకు ఇట్టి సంగతి క్రొత్తది కాదు. ఒక తోటలో పని తీరి మఱియొక తోటకు మూటముల్లె కట్టుకొని పోవునప్పుడు కోడిని, కుక్కను పొరుగింట అప్పగించి పోయినవారు ఎందఱో కలరు. పిల్లవాడు కుక్క కొఱకు ఏడ్చినప్పుడు పెద్దలు, “పోవునది ఇల్లే, కుక్కకేల ఏడ్చెదవు?” అని గద్దింతురు. బాలునికి ఇల్లనగా ఏమో చెప్పరాదు. చూపి యేడ్చుటకు వానికి కుక్కయే కనబడును. అట్టివేళ వాని ప్రక్కను కొంతసేపు కూర్చుండి, ఆ జంతువునకు దయగల చేయి వెదకియిచ్చుటకు పెద్ద ఖర్చు లేదు. పిదప దాని క్షేమము కనుగొని బిడ్డకు చెప్పుచుండుట మఱవరాదు.