సీసాల బీరువాకు అవ్వ సొరుగులు

చింతమడకలో 'కేబినెట్' అన్న మాట చెవిన పడితే మీకేం గుర్తొస్తుంది? మంత్రివర్గమే కదా! తప్పు లేదు. తెలంగాణ తొలి ముఖ్యమంత్రి కల్వకుంట్ల చంద్రశేఖరరావు 1954 ఫిబ్రవరి 17న పుట్టింది ఈ ఊళ్లోనే. 2014 జూన్ నుంచి 2023 డిసెంబరు దాకా ఆయన కేబినెట్లే రాష్ట్రాన్ని నడిపాయి. ఆ తొమ్మిదిన్నరేళ్లలో ఊరి పేరు ఎన్నిసార్లు పత్రికలకెక్కిందో లెక్కలేదు.

కానీ మొన్న ఎండాకాలంలో నేను ఆ ఊరికి వెళ్లింది వేరే కేబినెట్ కోసం. అచ్చంగా చెక్కతో చేసింది. అందులో మంత్రులుండరు, సీసాలుంటాయి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక మిత్రుడు కొత్తగా కొన్న ఫ్లాటుకు 'హోమ్ బార్' చేయించుకోవాలనుకున్నాడు. ప్లైవుడ్, సన్‌మైకాలతో పదిరోజుల్లో బిగించి ఇస్తామన్నారు నగరంలోని ఇంటీరియర్ వాళ్లు. మావాడికి అది నచ్చలేదు. 'ఊళ్లో మా పాత ఇల్లు పడగొడుతున్నాం. దూలాలన్నీ టేకే. మన వడ్లాయనతోనే చేయిస్తా. చూద్దువుగాని రా' అన్నాడు. వెళ్లాను.

రైలు దిగి...

ఒకప్పుడు సిద్దిపేటకు పోవాలంటే బస్సే దిక్కు. శామీర్‌పేట, ప్రజ్ఞాపూర్, కుకునూరుపల్లి దాటుకుంటూ రాజీవ్ రహదారి మీద వంద కిలోమీటర్ల ప్రయాణం. ఇప్పుడు సికింద్రాబాద్ నుంచి రైలు కూడా ఉంది. 2023 అక్టోబరు 3న మొదలైంది. 2016 అక్టోబరు 11న మెదక్ నుంచి విడిపోయి సొంత జిల్లా అయిన సిద్దిపేటలో దిగి, కోమటి చెరువు గట్టున కాసేపు నిలబడి, చింతమడక దారి పట్టాం.

మక్క చేలు కోసేసిన భూములు, అక్కడక్కడా చింతలు, వేపలు. ఊరి పేరులో ఉన్న 'చింత' మనకు తెలిసిందే. 'మడక' అంటే రాయలసీమలో నాగలి. ఈ పేరు అలా వచ్చిందని చెప్పబోవడం లేదు గానీ, వడ్రంగిని వెతుక్కుంటూ వెళ్తున్నవాడికి అది మంచి శకునంలాగే అనిపించింది. చెట్టూ ఉంది, చెట్టుతో చేసే పనిముట్టూ ఉంది!

2019 జులై 22న కేసీఆర్ ముఖ్యమంత్రి హోదాలో ఇక్కడికి వచ్చి, ఊళ్లో ప్రతి కుటుంబానికీ పది లక్షల రూపాయల లబ్ధి చేకూరుస్తానని ప్రకటించడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ కబుర్లు ఇప్పటికీ రచ్చకట్ట మీద వినిపిస్తాయి. మేం మాత్రం వాటిని దాటుకుని, పొట్టు వాసన వస్తున్న ఒక వేపచెట్టు నీడకు చేరాం.

దూలం జాతకం

వడ్లాయనకు అరవై దాటాయి. మావాణ్ని చూడగానే 'రా అల్లుడా, కూసో' అన్నాడు. కులాలు వేరైనా ఊళ్లో వరసలు అలాగే నడుస్తాయి. మావాడికి ఆయన 'మామ'. వాళ్ల నాన్న కాలంలో వీళ్ల ఇంటికి నాగళ్లు, గుంటుకలు, బండి చక్రాలు చేసిపెట్టింది ఈ కుటుంబమే. కూలి డబ్బుల రూపంలో కాదు, కల్లం మీద ధాన్యం కొలిచేవాళ్లు. ట్రాక్టర్లు వచ్చాక ఆ లెక్క ముగిసింది. తర్వాత దర్వాజాలు, కిటికీలు. రెడీమేడ్ తలుపులు వచ్చాక అవీ తగ్గాయి. చేతిలో ఉలి మాత్రం మిగిలింది.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. పనిముట్ల కోసం 15 వేల రూపాయల దాకా సాయం, అయిదు శాతం వడ్డీకి మొదటి విడత లక్ష, తర్వాత రెండు లక్షల రుణం ఇస్తారు. 'పనిముట్లు ఇస్తరు సారూ, మంచిదే. పనెవరిస్తరు?' అని నవ్వాడాయన.

పడగొట్టిన ఇంటి దూలాలు చెట్టు కింద పేర్చి ఉన్నాయి. ఆయన ఒక్కోదాన్నీ బాడిశతో కొద్దిగా చెక్కి చూశాడు. పైన బూడిద రంగు, లోపల తేనె రంగు. అంటే చేవ ఉన్నట్టే. టేకుకు ఆ బలం చేవలోనే. అందులోని సహజమైన నూనె వల్ల చెద దగ్గరికి రాదు. చేవ చుట్టూ తెల్లగా ఉండే భాగానికి ఆ రక్షణ లేదు. అందుకే దూలం అంచులు పుచ్చినా నడిమి భాగం గట్టిగా ఉంటుంది. కలప డిపోలకు వెళ్తే బలార్షా టేకు అంటారు, ఆఫ్రికా టేకు అంటారు. ఎక్కడిదైనా, డెబ్బై ఎండలు చూసిన ఇంటి కలపకు సాటి రాదని ఆయన తీర్పు.

కానీ అందులోనూ ఒక మెలిక పడింది. దూలాల్లో నిలువునా పగుళ్లున్నాయి. మేకుల రంధ్రాలున్నాయి. బీరువా చట్రానికి, పైఅరలకు అవి సరిపోతాయి. సొరుగులకు మాత్రం సన్నగా, వెడల్పుగా, వంకర లేని పలకలు కావాలి. 'దూలం నుంచి పల్చటి పలక కోస్తే రేపు అది వంగుతది. సొరుగు ఇరుక్కుంటది' అన్నాడు. చుట్టూ చూశాడు. ఆయన చూపు వసారాలో ఉన్న పాత సందుగ మీద ఆగింది.

మూత విరిగిన టేకు సందుగ. అంగుళం మందం పలకలు. మావాడి నాయినమ్మ పెళ్లికి పుట్టింటివాళ్లు సారెతో పంపింది. ఆమె దాని పక్కనే మంచం మీద కూర్చుని వక్కలు కత్తిరిస్తోంది.

అవ్వ షరతు

'దీన్ని కోస్తరా? కోసి ఏం చేస్తరు?' అని అడిగింది అవ్వ.

మావాడు నీళ్లు నమిలాడు. 'బీరువా నాయినమ్మా... హైదరాబాద్ ఇంటికి' అన్నాడు.

'బీరువల ఏం వెడ్తవు?'

వడ్లాయన తలొంచుకుని రందకు పదును పెట్టుకుంటున్నాడు. అబద్ధం చెప్పడానికి వీల్లేని చోటది. మావాడు చెప్పేశాడు.

ఆమె కోప్పడలేదు. సందుగ అంచు మీద చెయ్యి వేసి నెమ్మదిగా చెప్పుకొచ్చింది. సారా ప్యాకెట్లు ఊళ్లను ముంచెత్తిన రోజుల్లో, ఈ సందుగలోని వెండి పట్టీలు, కడియాలు, చివరికి పట్టుచీర, ఒక్కొక్కటే బయటికి పోయాయట. తీసింది భర్తే. తాళం వేస్తే పగలగొట్టాడు. విరిగిన మూత ఆనాటిదే. ఆమె దాన్ని ఎప్పుడూ బాగుచేయించలేదు.

ఈ తరం పిల్లలకు తెలియకపోవచ్చు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం 1992లో రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారాను నిషేధించారు. ఎన్టీఆర్ తిరిగి ముఖ్యమంత్రి అయ్యాక 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. చట్టాలు వచ్చాయి, పోయాయి. సందుగ మాత్రం ఖాళీగానే ఉండిపోయింది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మావాడు 'వద్దులే మామా, ప్లైవుడ్‌తోనే చేద్దాం' అన్నాడు. అప్పుడు అవ్వే అంది: 'కోయుండ్రి. ఊకె మూలకు వడి ఉండేకంటె నయమే గద. గని నా సందుగ చెక్కల సీసా వెట్టొద్దు. పైన నీ ఇష్టం. సొరుగులు నావి.'

అదీ షరతు. సొరుగులుంటాయి. వాటిలో సీసాలుండవు.

సూత్‌ల లెక్క

విచిత్రమేమిటంటే ఈ షరతుతో వడ్లాయన పని తేలికైంది. అంతకుముందు మావాడు గీయించుకొచ్చిన బొమ్మలో కింది సొరుగుల్లో సీసాలు పడుకోబెట్టాలి. నిండు సీసా ఒకటి కిలో పావు తూగుతుంది. డజను పెడితే పదిహేను కిలోలు. అంత బరువుకు చెక్క మీద చెక్క జారదు. బాల్ బేరింగులున్న ఉక్కు ఛానళ్లు కావాలి. వాటి కోసం సొరుగుకు అటూ ఇటూ అరంగుళం చొప్పున ఖాళీ వదలాలి. బరువు లేదంటే ఛానళ్లూ అక్కర్లేదు. పాతకాలం పద్ధతిలో చెక్క పట్టీల మీదే నడిపించవచ్చు.

వడ్లాయన కొలత సెంటీమీటర్లలో ఉండదు. అంగుళాలు, సూత్‌లు. అంగుళానికి ఎనిమిది సూత్‌లు. సందుగ పలకలు విప్పి, అయస్కాంతంతో తడిమి, దాక్కున్న మేకులన్నీ పీకాడు. ఒక్క మేకు మిగిలినా రంద పదును పోతుంది. తర్వాత చిత్రిక పట్టాడు. సన్నటి పొట్టు ఉంగరాలు చుట్టుకుంటూ రాలింది. డెబ్బై ఏళ్ల తర్వాత కూడా టేకు వాసన!

సొరుగుకు అసలు పరీక్ష ముందు మూలల్లో ఉంటుందట. మనం లాగే ప్రతిసారీ ముందు పలక ఊడిపోవడానికే చూస్తుంది. మేకులు కొడితే కొన్నాళ్లకు వదులవుతాయి. అందుకని పక్క పలకల చివర కుసులు తీస్తారు. మొదట్లో సన్నగా, చివర్లో వెడల్పుగా విసనకర్రలా విచ్చుకునే కుసులు. ముందు పలకలో సరిగ్గా అదే ఆకారంలో గాడులు. రెండూ కూర్చుకున్నాక ముందుకు ఎంత లాగినా ఊడవు. దీన్నే డవ్‌టెయిల్ అంటారు, అంటే పావురం తోక. ఈజిప్టు సమాధుల్లో దొరికిన వేల ఏళ్లనాటి సామాన్లలోనూ ఇదే అతుకు ఉంది. అక్కడి వడ్రంగి, ఇక్కడి వడ్రంగి ఒకరినొకరు చూసుకోలేదు. చెక్క ఇద్దరికీ ఒకే పాఠం చెప్పింది.

నాలుగు పలకలూ బిగించాక దారంతో మూల నుంచి మూలకు కొలిచాడు. రెండు కొలతలూ సమానమైతేనే సొరుగు చదరంగా ఉన్నట్టు. ఒక సూత్ తేడా వచ్చింది. జిగురు ఆరకముందే చేత్తో నొక్కి సరిచేశాడు.

వానకాలం కోసం

'చెక్క సచ్చినంక గూడ ఊపిరి తీస్తది సారూ' అన్నాడు వడ్లాయన. మాట కవిత్వంలా ఉన్నా విషయం లెక్కే. గాలిలో తేమ పెరిగితే చెక్క ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుపోతుంది. నార వెంబడి పొడుగు మారదు. అడ్డంగా వెడల్పు మారుతుంది. ఆరంగుళాల ఎత్తున్న టేకు పలక మండుటెండలకూ ముసురు వానలకూ మధ్య దాదాపు అర సూత్ పెరుగుతుంది. ఎండాకాలంలో బిగుతుగా చేసిన సొరుగు శ్రావణంలో మొండికేసేది అందుకే. మన ఇళ్లలో తలుపులు వానకాలంలో పట్టేసేదీ అందుకే.

ఆ అర సూత్‌ను ముందే లెక్కేసి పైన ఖాళీ వదిలాడు. అడుగు పలకను జిగురుతో అతికించలేదు. మూడు వైపులా గాడిలోకి జొప్పించి, వెనక ఒకే ఒక్క మర బిగించాడు. ఆ మరకు తీసిన రంధ్రం కూడా గుండ్రంగా కాకుండా పొడుగ్గా ఉంది. పలక ఉబ్బితే వెనక్కి జరగడానికి తోవ అన్నమాట. జిగురు పెట్టి బిగిస్తే ఏదో ఒక రాత్రి టప్‌మని పగులుతుంది. 'బందోబస్తు ఎక్కువైతేనే పలుగుతది' అన్నాడు. సొరుగు గురించే అన్నాడు!

ఒక పలక దగ్గర మాత్రం ఆయన చెయ్యి ఆగింది. సందుగ అడుగున అరచేతి వెడల్పున పసుపు మరక. ఎప్పటి పెళ్లి బట్టల పసుపో. రందతో రెండు తోపులు తోస్తే పోయేది. ఆయన తోయలేదు. ఆ పలకను పై సొరుగుకు అడుగుగా వేసి, మరక లోపలివైపుకు పెట్టాడు. పసుపు ఎండ తగిలితే వెలిసిపోతుంది. చీకట్లో ఉంటే నిలుస్తుంది. సొరుగు లోపల చీకటే కదా.

చివరగా కొవ్వొత్తి తీసుకుని పట్టీల మీద రుద్దాడు. సొరుగును పెట్టి వేలితో నెట్టాడు. మెత్తగా లోపలికి జారిపోయింది. దాని వెనక గాలి ఒత్తిడికి, తెరిచి ఉన్న రెండో సొరుగు కొద్దిగా కదిలింది. అలా కదిలిందంటే పని కుదిరినట్టేనట. వడ్లాయన మొహంలో ఆ క్షణం చూడాలి!

తాళం ఎవరి దగ్గర?

బీరువా హైదరాబాద్ చేరింది. ముసురు రోజుల్లో ఓసారి వాళ్లింటికి వెళ్లి, వెళ్లగానే సొరుగు లాగి చూశాను. కాస్త బిగిసింది గానీ ఆగలేదు. అర సూత్ లెక్క తప్పలేదు.

పై అరల్లో గాజు తలుపుల వెనక సీసాలు నాలుగు. ఎక్కువ లేవు. మావాడి మాటల్లోనే చెప్పాలంటే, ఆ సొరుగులు ఎదురుగా ఉంటే రెండో గ్లాసు పోసుకోవాలంటే చెయ్యి రాదు. మొదటి సొరుగులో ఇంటి కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు. రెండోదాంట్లో వాళ్లావిడ నగల డబ్బా. మూడింటికీ తాళాలున్నాయి. తాళంచెవులు ఆవిడ దగ్గరే ఉంటాయి.

మరి మూడో సొరుగు? ఖాళీగా ఉంది. దసరాకు అవ్వ వస్తుందట. ఏం పెట్టుకుంటుందో ఆమె ఇష్టమని వదిలేశారు. ఆమె చెప్పింది కదా... సొరుగులు ఆమెవి.