ఆచంద్రార్కం

ఉద్యోగవిరమణ తరువాత నాకు పట్టుకున్న వ్యసనం ఒక్కటే: అంతర్జాలంలో పాత పుస్తకాల దుమ్ము దులపడం. భారత డిజిటల్ గ్రంథాలయం కోసం ప్రతిబింబించిన పొత్తాలెన్నో నేడు ఇంటర్నెట్ ఆర్కైవులో లభిస్తున్నాయి. అయితే తెలుగు పేర్లను రోమను లిపిలో ఎవరికి తోచినట్లు వారు ఎక్కించారు. ‘కైఫియత్తు’ను పట్టుకోవాలంటే నాలుగైదు వర్ణక్రమాలు మార్చి మార్చి వెదకవలసిందే. జీవితమంతా పిల్లల అక్షరదోషాలు దిద్దిన నాకు, దోషాలను ముందుగా ఊహించడం కొత్త విద్య!

మెకంజీ దొర కాలంలో గ్రామాల దండకవిలెలు ఆధారంగా వ్రాయించిన కైఫియత్తులు, 1882లో రాబర్టు సీవెల్ ప్రకటించిన పురావశేషాల పట్టిక, 1948లో వెలువడిన దక్షిణభారత శాసనాల పదవ సంపుటం. ఈ మూడూ ముందుంచుకుంటే మా సీమలో చాలా ఊళ్ల చరిత్రకు ఒక కొస చేతికందుతుంది.

మా పొరుగూరి పాడుగుడి ముందర ఒక శాసనస్తంభం ఉండేది. దాని పాఠం ఆ సంపుటంలో కనబడిననాటి నా సంబరం ఇంతా అంతా కాదు. ఆ వారంలోనే నా పూర్వవిద్యార్థి ఒకడు వచ్చి, సెల్‌ఫోనులో ఆ రాతిని చూపించి, “అయ్యవారూ, పైన సూర్యుడూ చంద్రుడూ ఉంటే కింద నిక్షేపం ఉన్నట్టేనంట గదా?” అన్నాడు.

నవ్వాను. “ఒరే, అది ఆచంద్రార్కంరా! సవర్ణదీర్ఘసంధి చెప్పలేదూ నీకు? సూర్యచంద్రులున్నంతకాలం ఈ దానం నిలవాలని దాని అర్థం” అన్నాను.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. నా పాండిత్యం ఊరుకోనిచ్చిందా? ఆ ఊరి కైఫియత్తు తెరిచి, పూర్వం ఒక పాళెగాడు దండు వస్తున్నదని విని ధనం దాచి పారిపోయాడని జనులు చెప్పుకున్న మాట కూడా చదివి వినిపించాను. ఆ పుట అచ్చుతీసి ఇమ్మంటే ఇచ్చాను.

నెల తిరగకముందే గుడి ముందర నిలువెత్తు గొయ్యి. స్తంభం రెండు ముక్కలు. నంది పీఠం మీదినుంచి పెకలి బోర్లాపడి ఉన్నది. తవ్వినది ఎవరో నాకు తెలియదు. వాణ్ణి అడిగే ధైర్యం నాకు లేదు. వాడూ అప్పటినుంచి మా వీధికి రావడం లేదు.

పది రూపాయల విలువ మించిన నిధి ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతున్నది. ఆ సంగతి వాడికి చెప్పలేదు. దానం హరించినవాడు అరువదివేల ఏండ్లు క్రిమియై పుడతాడన్న శాపం శాసనం చివర ఉన్నది. అదీ చదవలేదు. ఇంతకూ ఆ రాతిలో ఉన్న ధనమేమిటి? గుడిలో నందాదీపానికి చెరువు కింద ఇచ్చిన ఒక మడిచెక్క. అదైనా చెప్పలేదు. నాకు రుచించినంత చదివి ఆపేశాను.

మొన్న ముద్రితపాఠం చేతబట్టుకుని వెళ్లి, ఆ ముక్కల ముందు కూర్చుని పోల్చి చూశాను. రెండు పంక్తులు రాతిమీద లేవు. పుస్తకంలో మాత్రం మిగిలాయి.

మిత్రులారా, మీ ఊరి కైఫియత్తు దొరికితే తప్పక నలుగురికీ చదివి వినిపించండి. కానీ చివరిదాకా చదవండి.