జిగురుపై వేసిన నింద

నేను చేసిన యొక పొరపాటును దాచుకొనక మీకు విన్నవించుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా చిన్నకోడలు ముఖమునకు రాచుకొను జెల్ సీసాపై “కార్బొమర్” అను పేరు చూచి భయపడితిని. అది కృత్రిమమైన జిగురనియు, చర్మములోనికి దూరి కీడుచేయుననియు తలచి, దానిని పారవేయించి, అవిసెగింజలు కాచి వడగట్టి జిగురు తీసి యిచ్చితిని. “ఇంటి సరుకునకు భయమేమి?” అంటిని. ఆమె యెదురు చెప్పలేదు. నడివేసవిలో ఆ జిగురు వారము దినములు గూటిలోనే యుండెను. ఆమె బుగ్గలపై చీముపొక్కులు లేచినవి.

చర్మవైద్యురాలు సీసా మూత తీసి వాసన చూచి, “అమ్మా! ఇది కుళ్లినది. నిలువమందు లేని తడి జిగురు సూక్ష్మజీవులకు విందు” అనెను. నాకు తల వంగిపోయెను.

పిమ్మట ఆమెయే నాకు విషయము బోధించినది. కార్బొమర్ తెల్లని పొడి. దాని యణువులు పొడవైన గొలుసులై, అక్కడక్కడ ఒకదానితో నొకటి ముడివడి యుండును. సబ్జాగింజవలె నీటిని పీల్చి యుబ్బును. ఆ నీటికి కొంచెము క్షారము చేర్చగానే గొలుసులపై ఋణవిద్యుత్తు పుట్టి, అవి యొకదాని నొకటి త్రోసికొని విచ్చుకొనును. నీరు వాని నడుమ చిక్కుకొని గట్టిపడును. సాధారణముగా నూటికి అరపాలు పొడియైనను చాలును. చిటికెడు ఉప్పు చల్లినచో ఆ జెల్ మరల నీరగును. ఇంట చల్లి కన్నులార చూచితిని. చెమటలోని యుప్పు తగిలియే యది చర్మముపై కరగును. గొలుసులు మిక్కిలి పెద్దవగుటచే చర్మమును దాటి లోనికి పోజాలవు.

అట్లని విచారింపవలసినది లేకపోలేదు. కొన్ని రకములను బెంజీను అను ద్రవములో తయారుచేయు పద్ధతి కలదు. బెంజీను కేన్సరు కలిగించునది. దాని శేషము పొడిలో మిగులవచ్చును. అందుచే బెంజీను వాడని రకములకు మారు విధమును గూర్చి 2023 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మందుల తయారీదార్లకు మార్గదర్శకము ప్రకటించినది. కావున జిగురు మంచిదా చెడ్డదా యనుటకంటె, అదెట్లు తయారైనది, ఎట్లు నిలువయున్నది యని యడుగుట మేలు.

క్రొత్త సరుకేదైనను మొదట మోచేతి మడతలో కొంచెము రాచి చూడుడు. గడువు తేదీ చదువుడు. ఇంట తీసిన జిగురును ఆ పూటకే వాడి, మిగిలినది పారబోయుడు.

కోడలికి క్రొత్త సీసా నేనే కొని తెచ్చితిని. ఆమె నన్నొక్క మాటయు ననలేదు. అందుచేతనే నాకు మరింత సిగ్గైనది.