ఆర్చర్డు వీథిలోని యిల్లు

రాజుల కోటలను కాపాడుట లోకమున వాడుక. కూలివాని కొంపను కాపాడుట యరుదు. అట్టి యింటి నొకదానిని నేను చూచితిని.

కొన్ని యేండ్లక్రిందట, వేసవి సెలవులలో, న్యూజెర్సీయందు కాపురమున్న నా తమ్మునియొద్దకు పోయియుంటిని. అతడొకనాడు నన్ను న్యూయార్కునగరమున లోయర్ ఈస్టు సైడను పాతపేటకు తీసికొనిపోయెను. అచ్చటి ఆర్చర్డు వీథిలో 97 వ నెంబరు యిల్లు 1863 లో లూకాస్ గ్లాక్నరను జర్మను దర్జీ కట్టించినది. అయిదంతస్తులు, అంతస్తునకు నాలుగు వాటాలు. వాటాకు ముందుగది, వంటగది, పడకగది. మూడును కలిసి 325 చదరపు అడుగులు మాత్రమే. సూర్యుని వెలుతురు తిన్నగా సోకునది ఒక్క ముందుగదికే. మొదట లోపల నీరు లేదు. మరుగుదొడ్లు పెరటిలో నుండెను. 1901 లో చట్టము పుట్టిన పిమ్మట గాని యవి యింటిలోనికి రాలేదు. 1935 లో, కొత్త నిబంధనల ప్రకారము మార్పులు చేయుటకంటె నద్దెవారిని ఖాళీచేయించుటయే మేలని యెంచి, యజమాని పైయంతస్తులను మూసివైచెను. ఏబదియేండ్లకు పైగా అవి యట్లే పడియుండెను. 1988 లో రూత్ ఏబ్రమ్, అనీటా జాకబ్సన్ అను నిరువురు స్త్రీలు దానిని ప్రదర్శనశాలగా నిలుపుటకు పూనుకొనిరి.

ఒక వాటా నతాలీ గంపెర్ట్జ్ అను నామెది. 1874 లో నొకనాడు ఆమె పెనిమిటి పనికని వెడలి మరల రాలేదు. చేత చిన్నబిడ్డలు. ఆమె ముందుగదిలోనే బట్టలు కుట్టి వారిని పెంచెను. 1883 లో, మామగారి యాస్తిలో భర్తకు రావలసిన భాగమునకై న్యాయస్థానమున కెక్కి, అతడు మరణించినట్లు తీర్పు పొంది, 600 డాలర్లు సంపాదించెను. ఆ గదిలో నాటి కాలపు కుట్టుయంత్ర మొకటి యుంచినారు.

దానిని చూచుచు నా తమ్ముడు, “అన్నయ్యా, మన అత్తయ్య మిషను ఏమయింది?” అని యడిగెను.

నేను వెంటనే బదులు చెప్పలేకపోయితిని. మా మేనత్తనుగూడ పెనిమిటి విడిచిపెట్టెను. ఆమె మా వెనుక వసారాలో ఇరువదియేండ్లు గడపెను. పెండ్లిపేరంటములనాడు ఎదురుపడక తలుపువెనుక నిలిచెడిది. రాత్రివేళ రవికలు కుట్టెడిది. ఆ కూలితోనే నా కాలేజీ ఫీజు కట్టితిమి. కాళిదాసుని శకుంతల పరిత్యాగఘట్టమును పిల్లలకు కన్నీరు వచ్చునట్లు బోధించువాడను. వసారాలోని శకుంతల నొక్కనాడైనను పలుకరింపనైతిని. ఆమె పోయిన యేడాది, యిల్లు బాగుచేయించుచు, ఆ మిషనును పాత యినుము కొనువానికి తూకమునకు వేసితిని. నాయనగారి చేతికఱ్ఱ మాత్రము అద్దాల బీరువాలో భద్రముగా నున్నది.

“అమ్మేశాను,” అంటిని. తమ్ముడు మరేమియు ననలేదు.

ఎవరి వస్తువును దాచుదుమో వారినే మనుష్యులుగా నెంచుచున్నామని నాకు నాడు తెలిసినది. ఇంటికి వచ్చిన పిమ్మట, తాతగారు వ్రాసిన వంశవృక్షమును తీసి చూచితిని. అందామె పేరే లేదు. నా చేతితో వ్రాసితిని. పోయిన యంత్రమునకు అది బదులు కాదు.

చదువరులారా, మీ వసారాలో నట్టి యామె యింకను బ్రతికియున్నచో, వంశవృక్షమువఱకు ఆగకుడు. నేడే ముందుగదికి పిలిచి, ప్రక్కన కూర్చుండబెట్టి, ఆమె కథ యడుగుడు.