పదునార్గురు కావలెను

ఆస్ట్రేలియా దేశపు ఫుట్‌బాల్ మనవారెఱిగిన కాలిబంతి యాట కాదు. బంతి కోడిగ్రుడ్డువలె కోలగా నుండును. మైదానమును కోలగానే యుండును. వేసవిలో క్రికెట్టునకును శీతకాలమున దీనికిని అదియే చోటు. బంతిని తన్నవచ్చును, చేతబట్టి పరుగెత్తవచ్చును. కాని పదునైదు మీటర్లకొకమారు నేలకు కొట్టియో తాకించియో తీరవలెను. తోటివారికి విసరరాదు, పిడికిటితో గొట్టి యందీయవలెను. రెండు కొనలను నాలుగేసి స్తంభములు. నడిమి సందులోనికి తన్నిన ఆరు, ప్రక్క సందులోనికి పోయిన ఒకటి. బంతి గలవారిని భుజములకును మోకాళ్లకును నడుమ పట్టి నేలబడవేయుటయు ఆటలోని ధర్మమే. ఈ మాటకు సోదరీమణులు మొగము చిట్లింతురేమో! మేమును మొదట చిట్లించితిమి.

మేము విక్టోరియా రాష్ట్రమున ఉత్తరపు వైపున నొక చిన్న పట్టణమున కాపురముందుము. మా యమ్మాయి అచటి ఆసుపత్రిలో నర్సు. 2024 శీతకాలమున ఆమె స్త్రీల జట్టులో జేరెను. ఏప్రిల్ మొదలు ఆగస్టు వఱకు మేము దంపతులమును వెంట తిరిగితిమి.

ఇచటి పల్లెపట్టణములలో ఫుట్‌బాల్ సంఘము రచ్చబండ వంటిది. పురుషులు ఫుట్‌బాల్ ఆడుట, స్త్రీలు ప్రక్క గచ్చుమీద నెట్‌బాల్ ఆడుట, క్యాంటీనులో మాంసము కూరిన పైలు వేడిచేయుట, ఇది చిరకాలపు వాడుక. పెర్తు నగరమున దుకాణములలో పనిచేయు స్త్రీలు 1915లోనే ఈ యాట నాడిరి. అయినను స్త్రీల జాతీయ పోటీ 2017లో గాని రాలేదు. ఆ ఫిబ్రవరి 3వ తేదీని మెల్బొర్నులో జరిగిన మొదటి పందెమునకు 24,568 మంది వచ్చిరి. చోటు చాలక ద్వారములు మూసిరి. పల్లెలలో స్త్రీల జట్లు విరివిగా మొలకెత్తినది ఆ పిమ్మటనే.

మొలకెత్తుట వేఱు, నిలుచుట వేఱు. మా లీగులో జట్టునకు పదునార్గురు కావలెను. గురువారపు సాధన ముగియగానే లెక్క మొదలగును. ఒకతె బిడ్డకు జ్వరము; ఒకతె పాడిపశువులను విడువజాలదు; మా యమ్మాయికి రాత్రి డ్యూటీ. జూనులో నొక పిల్లకు మోకాటిలోని బంధనము తెగెను. ఎవరును తాకలేదు; పరుగెత్తుచు ప్రక్కకు మఱలుటలోనే తెగెను. ఈ గాయము పురుషులకంటె స్త్రీలకు హెచ్చుగా తగులునని వైద్యులందురు. ఆ రాత్రి మా యింట భోజనము సాగలేదు.

"ఇక చాలునమ్మా, మానుము" అంటిమి.

"నేను మానిన పదునైదుగురమే యగుదుమమ్మా" అనెను.

అందు వాదమేమియు లేదు, లెక్క మాత్రమే. లెక్కకు మేమేమి బదులు చెప్పగలము?

జూలైలో పొరుగూరికి పదుముగ్గురమే పోయితిమి. దుస్తులు మార్చుకొను గది పురుషులకై కట్టినది. స్నానపు చోట్లకు తలుపులు లేవు. పిల్లలు ఒకరికొకరు తువ్వాళ్లు అడ్డుపట్టుకొనిరి. ఎదిరిపక్షమువారు మాత్రము తామును ముగ్గురిని వెలుపల కూర్చుండబెట్టి పదుముగ్గురితోనే యాడిరి. మేము నలువది పైచిలుకు తేడాతో నోడితిమి గాని, ఆ మర్యాదను మఱువము.

మా యూరి క్యాంటీనులో డెబ్బది దాటిన యవ్వ యొకతె కలదు. నలువదియేండ్లుగా టీ కాచుచున్నదట. పురుషుల పందెమునకు ఆమె కిటికీ విడిచి రాదు. స్త్రీల పందెమున నాల్గవ భాగము మొదలుకాగానే ఏప్రన్ తోనే కంచెకడకు వచ్చి నిలుచును. చిన్ననాడు అన్నలతో పెరటిలో తన్నెడిదట. పండ్రెండవయేట తల్లి వంటింటిలోనికి పిలిచినదట. అంతకుమించి యామె చెప్పలేదు, మేమడుగలేదు.

ఆ యేడు మేము గెలిచినవి మూడే. ఆగస్టులో విందునాడు గోడకొక కాగితమంటించి మఱుసటి యేటికి పేర్లు వ్రాయుడనిరి. రాత్రి ముగియునప్పటికి పదునాలుగు పేర్లు. మా పిల్లది మూడవది. మోకాలు తెగినయామె కఱ్ఱల నానించి వచ్చి తన పేరు వ్రాసి, ప్రక్కన "ఆగస్టులో" అని చేర్చినది. దానిని లెక్కలోనికి గొనవలెనా, వలదా యని కొంతసేపు వాదము జరిగెను.